గుండెలోని వింత సవ్వడులు - కవాటవ్యాధుల జాడలు

ఆరోగ్యవంతుని ఛాతీపై చెవి ఆన్చి విన్నప్పుడు రెండు సవ్వడులు క్రమం తప్పక వినవస్తాయి. వైద్య విద్యార్థులు వీటిని ‘లబ్’, ‘డబ్’ అని అనుకరిస్తారు. ఇవి గుండె కొట్టుకునే చప్పుళ్ళని సామాన్యంగా అనుకుంటాము. నిజానికి ఇవి తలుపులు మూసుకునే చప్పుళ్ళు. గుండెలో నాలుగు గదులు, నాలుగు తలుపులు ఉన్నాయి. పై గదులను కర్ణికలనీ, క్రింది గదులను జఠరికలనీ అంటారు. ఎడమవైపు కర్ణికకూ జఠరికకూ నడుమ ఉన్నది మైట్రల్ కవాటం. కుడివైపున ఉన్నది ట్రైకస్పిడ్ కవాటం. జఠరికల నుండి రక్తం వెలుపలికి పోయే ద్వారాల వద్ద బృహద్ధమని కవాటం, పుపుసధమని కవాటం ఉన్నాయి. మొదటి రెండూ మూసుకున్నప్పుడు ‘లబ్’, తక్కిన రెండూ మూసుకున్నప్పుడు ‘డబ్’. రోజుకు సుమారు 1 లక్ష పర్యాయాలు ఈ తలుపులు తెరుచుకుని మూసుకుంటాయి.

ఈ రెండు సవ్వడుల నడుమ ఉండవలసినది నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో వేరొక ధ్వని దూరినప్పుడు దానిని మర్మరం అంటారు. ఎండుటాకుల కదలికలో పుట్టే చప్పుడుకు సంస్కృతంలో మర్మరమని పేరు. ఇంగ్లీషువారు వాడే ‘మర్మర్’ అన్న మాట కూడా మన చెవికి అదే మాటలా వినిపించడం ఒక చిత్రం.

మర్మరం ఎందుకు పుడుతుందో పంటకాలువ గట్టున నిలిచి చూచినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. కాలువ వెడల్పుగా ఉన్నచోట నీరు నిశ్శబ్దంగా సాగిపోతుంది. తూము దగ్గర ఇరుకైనప్పుడు సుడులు తిరిగి హోరుమంటుంది. తూముతలుపు సరిగా మూసుకోకపోతే సందులోనుంచి నీరు వెనుకకు చిమ్ముతూ బుసకొడుతుంది. గుండె తలుపులకు వచ్చే వ్యాధులు కూడా ముఖ్యంగా ఈ రెండే. తలుపు పూర్తిగా తెరుచుకోకపోవడం ఒకటి. దీనిని కవాట సంకోచం అందాము. పూర్తిగా మూసుకోకపోవడం మరొకటి. దీనిని కవాటస్రావం అందాము. ఒకే తలుపుకు రెండు దోషాలూ ఉండవచ్చు. ఏ తలుపుకు ఏ దోషం వచ్చినదో దానినిబట్టి ధ్వని పుట్టే వేళ, చోటు, స్వరం మారిపోతాయి.

చెవితో పరీక్ష మనకు కొత్త కాదు

ఆయుర్వేద వైద్యునికి స్టెతస్కోపుతో పని ఏమిటని నన్ను అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. సుశ్రుతుడు సూత్రస్థానం 10వ అధ్యాయంలో రోగిని పంచేంద్రియాలతోనూ, ప్రశ్నతోనూ పరీక్షించమన్నాడు. నురుగు రక్తాన్ని త్రోసుకుంటూ వాయువు చప్పుడుతో వెలువడడాన్ని చెవితో తెలుసుకోదగినవాటికి ఉదాహరణగా చూపాడు. చరకుడు విమానస్థానం 4వ అధ్యాయంలో ప్రేగుల కూతలు, కీళ్ళూ వ్రేళ్ళ కణుపులూ పటపటలాడడం, కంఠస్వరంలోని భేదాలు చెప్పి, శరీరంలో పుట్టే ఇతర శబ్దాలు ఏవి ఉన్నా వాటిని కూడా చెవితోనే పరీక్షించాలని అన్నాడు. గుండెమీద చెవి ఆన్చమని ప్రత్యేకించి చెప్పలేదు గాని, ‘ఇతర శబ్దాలు ఏవి ఉన్నా’ అన్నచోట నాకు స్టెతస్కోపుకు కావలసినంత అనుమతి కనిపించినది.

చరకసంహితలో హృద్రోగాలు ఐదు. వాతజ, పిత్తజ, కఫజ, సన్నిపాతజ, క్రిమిజ భేదాలు. వాతజ హృద్రోగ లక్షణాలలో వణుకు, చుట్టివేసినట్లుండడం, స్తంభించడం, శూన్యత మొదలైనవాటితోపాటు ‘దర’ అనే మాట ఒకటి ఉన్నది. అది మర్మరధ్వనియేనని అనే ఈ కాలపు వైద్యులు కొందరు ఉన్నారు. అంతదూరం పోవడం నాకు సమ్మతం కాదు. కవాటాలను విడివిడిగా చూచి, ఒక్కొక్కదాని సవ్వడిని గుర్తించిన శాస్త్రం తరువాతి కాలంలో వచ్చినది. దానిని మన గ్రంథాలలోకి వెనుకకు ఈడ్చుకుని పోవడం వల్ల చరకునికి కొత్తగా వచ్చే గౌరవమేమీ లేదు.

గురుకులంలో మాకు నేర్పినది నాడి. శార్‌ఙ్గధర సంహిత, మన ఆంధ్రదేశపు బసవరాజీయం ఆ విద్యకు ఆధారాలు. స్టెతస్కోపు పట్టడం తరువాత ఒక అల్లోపతీ వైద్యమిత్రుని వద్ద నేర్చుకున్నాను. రెండూ తెలిసిన తరువాత ఒకదానికొకటి సాక్ష్యమిచ్చే సందర్భాలు చాలా కనిపించాయి. బృహద్ధమని కవాటం కారుతున్న రోగి నాడి వ్రేళ్ళను ఒక్క ఊపున ఎగదన్ని, అంతలోనే చప్పున కూలిపోతుంది. రోగి చేయి పైకెత్తించి పట్టుకుంటే మరింత స్పష్టంగా తెలుస్తుంది. డబ్లిన్ నగరంలో కోరిగన్ అనే వైద్యుడు 1832లో ఈ వ్యాధిని విపులంగా వర్ణించగా ఆ నాడికి ఆయన పేరే నిలిచినది. వ్యాధి ముదిరినవారిలో ప్రతి స్పందనకూ తల కొంచెం ఊగుతుంది. ఫ్రెంచి కవి ఆల్ఫ్రెడ్ ద ముసే తల ఇలాగే ఊగేదట. వైద్యగ్రంథాలలో ఆ లక్షణానికి రోగి అయిన కవి పేరే పెట్టారు!

స్టెతస్కోపు పుట్టుక కూడా తెలుసుకోదగినదే. 1816లో పారిస్‌లోని నెకర్ ఆసుపత్రిలో లెనెక్ అనే వైద్యునికి గుండెజబ్బుతో ఉన్న ఒక యువతిని పరీక్షించవలసి వచ్చినది. ఆమె స్థూలకాయురాలు, పైగా పరస్త్రీ వక్షస్థలంపై చెవి ఆన్చడం మర్యాద కాదు. ఆయన కాగితాల దస్తాను గొట్టంలా చుట్టి ఒక కొన ఆమె ఛాతీపై, మరొక కొన తన చెవికి పెట్టుకున్నాడు. నేరుగా చెవి ఆన్చినప్పటికంటె స్పష్టంగా వినిపించినది. తరువాత కొయ్యగొట్టం చేయించాడు. 1819లో గ్రంథం వెలువరించాడు. స్టెతస్కోపు పుట్టినది సంకోచంలో, మర్యాదలో అని నేను నా విద్యార్థులకు చెబుతూ ఉంటాను.

తిరగలి, పిల్లి, పావురం

వైద్యులు ఈ ధ్వనులకు పెట్టుకున్న పోలికలు వింటే ఆశ్చర్యం కలుగుతుంది. ఇరుకైన మైట్రల్ కవాటం గల రోగి గుండెపై అరచేయి ఉంచినప్పుడు, ఒడిలోని పిల్లి గురగురలాడుతున్నట్లు సన్నని కంపనం చేతికి తగులుతుంది. ఈ పిల్లి పోలిక లెనెక్ నాటిదే. స్టెతస్కోపుతో వింటే మొదటి సవ్వడి చెంప ఛెళ్ళుమనిపించినట్లు గట్టిగా ఉంటుంది. రెండవ సవ్వడి తరువాత గుండె సడలి రక్తం నింపుకునే వేళ, దూరాన ఏ ఇంటిలోనో తిరగలి తిరుగుతున్నట్లు మంద్రమైన ఘుర్ఘురం వినిపిస్తుంది. ఇది మోసకారి ధ్వని. రోగి కూర్చుని ఉండగా పైపైన వింటే దొరకదు. ఎడమప్రక్కకు తిరిగి పడుకోబెట్టి, స్టెతస్కోపు గంటను తేలికగా ఆన్చి, గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు వినాలి. అవసరమైతే రోగిని నాలుగడుగులు నడిపించి మరల వినాలి.

బృహద్ధమని కవాటం ఇరుకైనప్పటి ధ్వని మరొక తీరుది. లబ్, డబ్‌ల నడుమ సన్నగా మొదలై, హెచ్చి, తగ్గి, రంపపు కోతలా కరకుగా ఉండి మెడవరకు ప్రాకుతుంది. వృద్ధులలో ఇదే ధ్వని గుండె కొన వద్ద మాత్రం తీయగా, సంగీతం వలె వినిపించే విచిత్రాన్ని లియోన్ నగర వైద్యుడు గల్లావర్డాన్ 1925లో వివరించాడు. తెలియనివారు ఇవి రెండు కవాటాల రెండు వ్యాధులని భ్రమపడతారు. కవాటం ఒకటే, వ్యాధి ఒకటే, చోటు మారితే స్వరం మారినది.

కవాటపు రేకు చిరిగినప్పుడో, దానికి చిల్లి పడినప్పుడో, వెనుకకు తిరగబడినప్పుడో వెనుకకు చిమ్మే రక్తధారలో ఆ రేకు ఊదిన ఆకుపీక వలె కంపిస్తుంది. అప్పుడు వినిపించే ధ్వనిని పావురపు కువకువతోనూ, సముద్రపక్షి కూతతోనూ పోల్చారు. చాలా రోజులుగా వదలని జ్వరంతో ఉన్న రోగి గుండెలో నిన్న లేని ఈ కూత నేడు వినిపించినదంటే, సూక్ష్మక్రిములు కవాటాన్ని కొరుకుతున్నాయని అనుమానించాలి. అది ఆనాడే ఆసుపత్రికి పోవలసిన స్థితి.

ఇంకొకటి మరింత వింతైనది. కొందరిలో మైట్రల్ కవాటపు రేకులు వదులై, గుండె ముడుచుకున్నప్పుడు గాలి నిండిన తెరచాప వలె కర్ణికవైపు ఉబ్బుతాయి. లబ్ తరువాత నడిమధ్యలో ‘టిక్’మని ఒక చిటిక, దాని వెంట చిన్న మర్మరం. అరుదుగా ఆ మర్మరం బాతు అరుపు వలె ఎంత బిగ్గరగా ఉంటుందంటే, రోగి తనకు తానే వినగలడు. ప్రక్కన కూర్చున్నవారికి కూడా వినిపించవచ్చు. రోగి కూర్చుంటే మ్రోగి పడుకుంటే మాయం కావడం కూడా కద్దు. ఈ చిటికకు గుండెతో సంబంధం లేదని వైద్యులు చాలాకాలం కొట్టివేశారు. దక్షిణాఫ్రికాలోని జొహన్నెస్‌బర్గ్ నగరంలో జాన్ బార్లో 1963లో అది మైట్రల్ కవాటం నుండే వస్తున్నదని నిరూపించాడు. ఈ స్థితి ఉన్న వారిలో చాలామంది ఏ బాధా లేకుండా పూర్ణాయుర్దాయం జీవిస్తారు. అప్పుడప్పుడు పరీక్ష చేయించుకుంటూ ఉంటే చాలును.

ఒక కవాటం మరొక కవాటం వేషం వేసుకుని మోసగించే ఉదంతాలు కూడా ఉన్నాయి. అమెరికా వైద్యుడు ఆస్టిన్ ఫ్లింట్ 1862లో ఇద్దరు రోగుల వృత్తాంతం ప్రకటించాడు. వారిలో మైట్రల్ సంకోచంలో వలె ఘుర్ఘురధ్వని వినిపించినది; మరణానంతరం పరీక్షిస్తే మైట్రల్ కవాటం నిక్షేపంగా ఉన్నది. జబ్బుపడినది బృహద్ధమని కవాటం. అక్కడినుండి వెనుకకు కారే రక్తధార మైట్రల్ రేకులను త్రోసి తిరగలి చప్పుడు చేయించినది. మాంచెస్టర్ నగరంలో గ్రహమ్ స్టీల్ 1888లో ఇంకొక మోసాన్ని బయటపెట్టాడు. మైట్రల్ సంకోచం ముదిరి ఊపిరితిత్తుల రక్తనాళాలలో ఒత్తిడి పెరిగితే, ఏ దోషమూ లేని పుపుసధమని కవాటం ఆ ఒత్తిడికి ఓర్వలేక కారడం మొదలుపెడుతుంది. ఎకో పరీక్ష లేని ఆ రోజులలో కేవలం చెవితో, శవపరీక్షతో ఇంత కనిపెట్టినవారి ఓపికకు నమస్కరించక తప్పదు.

ఎంత బిగ్గరగా ఉంటే అంత ప్రమాదమా?

మర్మరం ఉన్నదని వైద్యుడు చెప్పగానే ఇంటిల్లిపాదీ అడిగే మొదటి ప్రశ్న “పెద్దదా, చిన్నదా?” అని. 1933లో ఫ్రీమన్, లెవిన్ అనేవారు మర్మరాల బిగ్గరతనాన్ని 6 మెట్లుగా విభజించారు. ఒకటవ మెట్టు చెవులు రిక్కిస్తే గాని వినిపించదు. ఆరవ మెట్టు స్టెతస్కోపును ఛాతీపైనుండి కాస్త ఎత్తి పట్టినా వినిపిస్తుంది. వైద్యుల చీటీలో ‘2/6’, ‘4/6’ అని కనిపించేవి ఇవే. పరీక్షలో వచ్చిన మార్కులు కావు!

ఈ అంకెను చూచి ధైర్యపడడం గాని, హడలిపోవడం గాని తగదు. పుట్టుకతో జఠరికల నడిమి గోడలో చిన్న రంధ్రం ఉన్న శిశువు గుండె హోరెత్తిపోతుంది. ఆ రంధ్రాలు చాలావరకు తమంతట తామే పూడుకుపోతాయి. ఇందుకు విరుద్ధంగా, బృహద్ధమని కవాటం సూదిబెజ్జమంత అయిన వృద్ధునిలో గుండె అలసిపోయి రక్తాన్ని బలంగా నెట్టలేని స్థితి వచ్చినప్పుడు మర్మరం సన్నగిల్లుతుంది. పోయిన సంవత్సరం కరకుగా ఉన్న ధ్వని ఈ సంవత్సరం మెత్తబడినదంటే అది మందుల గుణం కాకపోవచ్చు. ఆయాసం, నడిస్తే ఛాతీనొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం అనే మూడింటిలో ఒకటి తోడైతే, చికిత్స లేనిచో చాలామందికి ఆయుర్దాయం రెండు మూడేండ్లకు మించదు. “వయసు మీదపడింది, ఆయాసం రాదూ?” అని ఊరుకునే ఇండ్లలోనే ఈ వ్యాధి ఎక్కువగా దాగి ఉంటుంది. 2002లో ఫ్రాన్స్‌లో అలాన్ క్రిబియే మొదటిసారిగా ఛాతీ కోయకుండా, రక్తనాళం ద్వారా కొత్త కవాటాన్ని పంపి అమర్చాడు. ఈ పద్ధతి నేడు మన నగరాలలో కూడా ఉన్నది. వ్యయం మాత్రం అధికం.

కవాటవ్యాధి కాకపోయినా అటువంటి ధ్వనినే చేసే మరొక స్థితిని యువకుల తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలి. గుండెకండరం పుట్టుకతో వచ్చిన దోషం వల్ల మందమై రక్తమార్గాన్ని అడ్డుతుంది. చాలా మర్మరాలు రోగి లేచి నిలబడితే తగ్గుతాయి. ఇది నిలబడితే పెరుగుతుంది, గొంతుకు కూర్చుంటే తగ్గుతుంది. పరుగెత్తుతూ, ఆటలాడుతూ సొమ్మసిల్లే కుర్రవానిని, కుటుంబంలో చిన్న వయసులో హఠాన్మరణం ఉన్నవారిని తప్పక పరీక్ష చేయించాలి.

అమాయకపు సవ్వడులు

పిల్లలలో వినిపించే మర్మరాలలో అధికభాగం నిర్దోషమైనవి. 1909లో స్టిల్ అనే ఇంగ్లీషు వైద్యుడు వర్ణించిన ధ్వని తంబుర తీగ మీటినట్లు మధురంగా ఉంటుంది. పిల్లవాడు లేచి కూర్చుంటే తగ్గిపోతుంది. పెరిగేకొద్దీ దానంతటదే మాయమవుతుంది. ఇంకొక రకం మెడలోని సిరల నుండి వచ్చే ఝుంకారం. మెడ ప్రక్కన వ్రేలితో మెల్లగా అదిమితే ఆగిపోతుంది. జ్వరం వచ్చినప్పుడు, గర్భిణీదశలో, పాండురోగంలో రక్తవేగం హెచ్చి తాత్కాలికంగా మర్మరం కలుగుతుంది. రక్తహీనతతో పాలిపోయిన స్త్రీలలో నేను ఈ ధ్వని తరచుగా వింటాను. మండూర యోగాలతోనో, ఇనుము మాత్రలతోనో రక్తం పట్టిన తరువాత అది పోతుంది. అప్పటికీ పోకపోతే ఎకో చేయించాలి.

అయితే గుండె సడలే వేళ, అనగా డబ్ తరువాత వినిపించే మర్మరాన్ని నిర్దోషమని వదలరాదు. బిడ్డ సరిగా పాలు త్రాగకపోవడం, త్రాగుతూ నుదుట చెమటలు పట్టడం, పెదవులు నీలంగా మారడం, బరువు పెరగకపోవడం ఉంటే ధ్వని ఎంత సన్ననిదైనా నిర్లక్ష్యం చేయరాదు. పిండిమర ఆగకుండా తిరుగుతున్నట్లు రెండు సవ్వడులనూ కమ్మివేసే ధ్వని ఒకటి ఉన్నది. తల్లిగర్భంలో తెరిచి ఉండి, పుట్టగానే మూసుకోవలసిన నాళం మూసుకోకపోవడం దానికి కారణం. అది చికిత్సతో పూర్తిగా నయమయ్యేది.

గొంతునొప్పితో మొదలై

మన దేశంలో యౌవనంలోనే కవాటాలు చెడిపోవడానికి ప్రధాన కారణం రుమాటిక్ జ్వరం. ఇది సాధారణంగా 5 నుండి 15 ఏండ్ల పిల్లలకు వస్తుంది. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మక్రిమి వల్ల గొంతునొప్పి వస్తుంది, తగ్గిపోతుంది. రెండు మూడు వారాల తరువాత జ్వరం, మోకాళ్ళలో వాపు, నొప్పి. రెండు రోజులకు అది మడమకు, తరువాత మోచేతికి మారుతుంది. క్రిమిపై పోరాడడానికి శరీరం సిద్ధం చేసుకున్న సైన్యం తన కీళ్ళనూ, గుండెనూ కూడా శత్రువని పొరబడడమే ఇందులోని రహస్యం. కీళ్ళ వాపు మచ్చ మిగల్చకుండా పోతుంది. గుండె కవాటాలపై పడిన దెబ్బ మాత్రం పదేండ్లు, ఇరవై ఏండ్లు లోలోపల మచ్చకట్టి, రేకులను అతుక్కుపోయేలా చేస్తుంది. కొందరు పిల్లలలో చేతులు వాటంతటవే ఎగిరిపడడం, ముఖం వికారంగా మారడం, చేతిలోని పలక జారిపోవడం కనిపిస్తుంది. అల్లరి అని కొట్టిన తల్లిదండ్రులనూ, గాలి సోకినదని తాయెత్తు కట్టించినవారినీ చూచాను.

మాధవనిదానంలోని ఆమవాత ప్రకరణంలో, వ్యాధి ముదిరినప్పటి లక్షణాలలో ‘హృద్గ్రహం’ అన్నది ఉన్నది. గుండె పట్టివేసినట్లుండడం అని అర్థం. కీళ్ళవాపుకూ గుండెకూ గల ముడిని మన పూర్వులు గమనించారనడానికి ఇది మంచి సాక్ష్యం. కాని ఆమవాతానికి మనం వాడే శుంఠి, ఆముదం, గుగ్గులు యోగాలు రుమాటిక్ జ్వరంలో గుండెను కాపాడతాయని చెప్పడానికి నా మనస్సాక్షి ఒప్పుకోదు. నొప్పులు తగ్గుతాయి, నొప్పులు తగ్గినవి గదా అని కుటుంబం నిశ్చింతగా ఉంటుంది, అక్కడే అనర్థం.

కొన్నేండ్ల క్రితం 26 ఏండ్ల గృహిణి ఐదవ నెల గర్భంతో మా వైద్యశాలకు వచ్చినది. మెట్లెక్కితే ఆయాసం, రాత్రి పడుకుంటే దగ్గు. వెంట వచ్చిన అత్తగారు, “కడుపుతో ఉన్నవాళ్ళకు ఆయాసం మామూలే కదండీ ఆచార్యులుగారూ, ఏదైనా కషాయం ఇవ్వండి, చాలు” అన్నది. ఆ అమ్మాయి బుగ్గలపై ఒక విధమైన ఎరుపు ఉన్నది. ఎడమప్రక్కకు తిరిగి పడుకోబెట్టి విన్నాను, తిరగలి తిరుగుతున్నది. “చిన్నప్పుడు కీళ్ళనొప్పులు ఏమైనా వచ్చాయా అమ్మా?” అని అడిగితే, పదకొండవ ఏట మోకాళ్ళు వాచి నెలరోజులు బడి మానినట్లు, ఎవరో తైలం ఇస్తే తగ్గినట్లు చెప్పినది. గర్భిణీదశలో రక్తపరిమాణం దాదాపు సగం హెచ్చుతుంది. ఇరుకు తలుపు గుండా అంత రక్తం పోలేక ఊపిరితిత్తులలో నిలిచిపోతుంది. అందువల్లనే, పెండ్లి నాటికి పైకి తెలియని వ్యాధి మొదటి కాన్పు సమయంలో బయటపడుతుంది.

ఆ రోజే చీటీ వ్రాసి నగరంలోని గుండెవైద్యుని వద్దకు పంపాను. మామూలుగా 4 నుండి 6 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం ఉండవలసిన మైట్రల్ ద్వారం ఆమెలో 1 చదరపు సెంటీమీటరు కూడా లేదని ఎకోలో తేలినది. తొడ వద్ద సిరలోనుంచి సన్నని గొట్టాన్ని గుండెలోకి పంపి, దాని కొనన గల బెలూనును కవాటం మధ్య ఉబ్బించి, అతుక్కుపోయిన రేకులను విడదీశారు. జపాన్ శస్త్రవైద్యుడు ఇనోవే 1980ల ఆరంభంలో కనిపెట్టిన పద్ధతి ఇది. నెలలు నిండిన తరువాత ఆమె ఆడపిల్లను కన్నది. కషాయం ఇమ్మన్న అత్తగారే బారసాల మిఠాయి పట్టుకుని వచ్చింది.

ఇంటివైద్యం ఎంతవరకు?

ఈ పత్రిక చదివే గృహిణులకు గొంతునొప్పికి చిట్కాలు నేను చెప్పనవసరం లేదు. ఉప్పునీటి పుక్కిలింత, పసుపు కలిపిన పాలు, శొంఠి మిరియాల కషాయం ఉపశమనాన్ని ఇస్తాయి. జలుబు, తుమ్ములు, దగ్గుతో కూడిన గొంతునొప్పికి ఇవి చాలును. కాని బడి వయసు పిల్లవానికి జలుబు లేకుండా ఉన్నట్టుండి జ్వరం, మ్రింగలేనంత గొంతునొప్పి, దవడక్రింద బిళ్ళకట్టడం కనిపిస్తే కషాయంతో కాలక్షేపం చేయకండి. ఆ క్రిమి ఉన్నచోట పెన్సిలిన్ వంటి మందు గొంతునొప్పి మొదలైన 9 రోజులలోగా ఆరంభించినా రుమాటిక్ జ్వరాన్ని అరికట్టవచ్చును. పుక్కిలింతకు ఆ శక్తి లేదు.

ఒకసారి రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకు 3 లేక 4 వారాలకు ఒకసారి బెంజథైన్ పెన్సిలిన్ సూదిమందు వేయవలసి ఉంటుంది. గుండె దెబ్బతిననివారికి కనీసం 5 ఏండ్లు లేక 21వ ఏడు వచ్చేవరకు, ఈ రెండింటిలో ఏది ఎక్కువకాలమైతే అది. కవాటంలో దోషం మిగిలినవారికి 10 ఏండ్లు లేక 40వ ఏడు వచ్చేవరకు, కొందరికి అంతకుమించి కూడా. “నొప్పులు తగ్గిపోయాయి కదండీ, ఇంకా ఎన్నాళ్ళీ సూదులు?” అని తండ్రులు విసుగుకుంటారు. వేసిన సూది పాత నొప్పికి కాదు. మరల గొంతునొప్పి వస్తే మరల జ్వరం, ప్రతి జ్వరానికీ కవాటంపై ఇంకొక మచ్చ. దానిని ఆపడానికి ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మహాసభ 2018లో ఈ వ్యాధిపై ప్రత్యేక తీర్మానం చేసినదంటే దీని ప్రాముఖ్యం ఊహించవచ్చు.

ఇక తెల్లమద్ది. అర్జున వృక్షపు బెరడుతో క్షీరపాకం హృద్రోగాలకు మన సంప్రదాయంలో ప్రసిద్ధమైనది. బెరడు చూర్ణం 5 గ్రాములు, పాలు 40 మిల్లీలీటర్లు, నీరు 160 మిల్లీలీటర్లు కలిపి పాలు మాత్రమే మిగిలేవరకు సన్నని మంటపై కాచి వడగట్టాలి. గుండెకు బలమని నేను కొందరికి ఇస్తాను. అతుక్కుపోయిన రేకులను అది విడదీయదు. చిరిగిన రేకును కుట్టదు. విరిగిన తలుపుకు రంగు వేసినంతమాత్రాన గడియ పడదు గదా. కవాటవ్యాధి ఉన్నవారు గుండెవైద్యునికి తెలియకుండా దీనిని వాడవద్దు. ముఖ్యంగా రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రోమ్, వార్ఫరిన్ వంటి మాత్రలు మ్రింగేవారు ఏ చూర్ణమైనా, కషాయమైనా, లేహ్యమైనా సొంతంగా మొదలుపెట్టరాదు. ఆకుకూరలు కూడా ఒక వారం మానివేసి మరొక వారం రెండు పూటలా తినడం మంచిది కాదు. రోజూ ఒకే మోతాదుగా తినాలి. ఆ మాత్రల బలం ఆహారాన్నిబట్టి మారుతుంది కనుక రక్తపరీక్ష వైద్యుడు చెప్పిన తేదీకి చేయించాలి.

కృత్రిమ కవాటం పేరు చెప్పగానే నాకు డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ గుర్తుకు వస్తారు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో ఆయన నాయకత్వాన తయారైన స్వదేశీ కవాటం మూడు నమూనాలు విఫలమైన తరువాత నాల్గవ నమూనాలో ఫలించి, 1990 డిసెంబరులో మొదటిసారి రోగికి అమర్చబడినది. అదే శస్త్రవైద్యుడు తరువాత చరక, సుశ్రుత, వాగ్భటులను శ్రద్ధగా అధ్యయనం చేసి ఒక్కొక్కరిపై ఒక్కొక్క గ్రంథం వ్రాశారు. 2024లో పరమపదించారు. ఆయన ఆయుర్వేదాన్ని మెచ్చుకున్నారు. అయినా చెడిన కవాటానికి చూర్ణం పెట్టలేదు, కవాటమే పెట్టారు.

లోహంతో చేసిన కవాటం ఉన్నవారి ఛాతీనుండి గడియారం వలె ‘టిక్ టిక్’ అని స్పష్టంగా వినిపిస్తుంది. రాత్రి నిశ్శబ్దంలో ప్రక్కన పడుకున్నవారికి కూడా తెలుస్తుంది. మొదట్లో నిద్రపట్టదని కొందరు అంటారు, తరువాత అలవాటైపోతుంది. ఇంటివారు ఆ చప్పుడును ఎరిగి ఉండడం మంచిది. ఆ టిక్ ఒకనాడు మొద్దుబారినట్లు, దూది చుట్టినట్లు మారి, దానితో ఆయాసం మొదలైతే కవాటంపై రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. తెల్లవారనివ్వకుండా ఆసుపత్రికి తీసుకుని పోవాలి. ఇటువంటి కవాటం ఉన్నవారు పళ్ళు తీయించుకునేముందు దంతవైద్యునికి ఆ సంగతి చెప్పి, ఆయన ఇచ్చే యాంటీబయాటిక్ ముందుగా వేసుకోవాలి. చిగుళ్ళలోని క్రిములు రక్తంలో కలిసి కవాటంపై చేరే ప్రమాదం ఉన్నది. రోజుకు రెండుసార్లు దంతధావనం, భోజనానంతరం పుక్కిలించడం వీరికి అందరికంటె ఎక్కువ అవసరం. కారణం తెలియని జ్వరం మూడు రోజులు దాటితే, యాంటీబయాటిక్ మ్రింగేముందే రక్తాన్ని కల్చర్ పరీక్షకు ఇవ్వాలి. మాత్ర పడిన తరువాత క్రిమి ఆ పరీక్షకు దొరకకపోవచ్చు.